వ్యక్తిత్వానికి మార్కులెవరు వేస్తారు?

విమర్శలో మనం అలవాటుగా వాడే మాటల్లో ‘వ్యక్తిత్వం’ ఒకటి. ఫలానా రచనలో రచయిత వ్యక్తిత్వం ప్రస్ఫుటంగా ఉందంటాం. ఫలానా కవి గొంతులో నిజాయితీ పలికిందంటాం. ఈ గుణాలను దేనితో కొలిచారని మనల్ని ఎవరూ అడగరు. మనకు మనమూ ప్రశ్నించుకోం. అయితే ఇవే గుణాలకు అంకెలు వేసి, ఆ అంకెల ఆధారంతో ఒక దేశపు పాలకవర్గంలోకి రేపు ఎవరు అడుగుపెట్టాలో తేల్చే ఏర్పాటు అమెరికాలో సుమారు నూరేళ్ళుగా నడుస్తున్నది. అక్కడి అత్యున్నత కళాశాలల్లో ప్రవేశం దొరికే అవకాశం ప్రైవేటు స్కూలు విద్యార్థికి ఎంత, తతిమ్మా వారికి ఎంత అన్న ప్రశ్న పైకి విద్యాశాఖకు సంబంధించినదిగా కనిపిస్తుంది. కొంచెం లోపలికి వెళితే అది సాహిత్య ప్రశ్న కూడానని తెలుస్తుంది. కారణం, అక్కడ ప్రవేశాన్ని నిర్ణయించేవాటిలో విద్యార్థి రాసే ఆత్మకథాత్మక వ్యాసం ఒకటి, ఉపాధ్యాయుడు రాసే సిఫారసు ఉత్తరం మరొకటి. రెండూ వచన రచనలే.

ముందుగా మాటల అర్థాలు తేల్చుకోవాలి. మన దగ్గర ప్రైవేటు స్కూలంటే ఊరూరా సందు చివర బోర్డు కట్టుకున్న కాన్వెంటు మొదలు లక్షల ఫీజు తీసుకునే సంస్థ దాకా అన్నీ ఆ మాటలోకే వస్తాయి. అమెరికాలో బడికి వెళ్ళే పిల్లల్లో ప్రైవేటు స్కూళ్ళలో ఉన్నవారు సుమారు పదోవంతు మాత్రమే. వారిలోనూ అత్యధికులు క్యాథలిక్కు తదితర మత సంస్థలు నడిపే బడుల్లో చదువుతున్నారు. నేనిక్కడ మాట్లాడుతున్నది ఆ బడుల గురించి కాదు. గ్రోటన్, సెయింట్ పాల్స్, ఆండోవర్, ఎక్సెటర్, చోట్ వంటి సంపన్నుల పాఠశాలలూ, మహానగరాల్లో వాటి దారిలో నడిచే మతేతర ప్రైవేటు స్కూళ్ళూ నా విషయం. అలాగే అత్యున్నత కళాశాలలంటే హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ మొదలైన ఎనిమిది ఐవీ లీగ్ సంస్థలు, వాటితో లెక్కకొచ్చే స్టాన్‌ఫర్డ్, ఎం.ఐ.టి., చికాగో, డ్యూక్. ఈ పన్నెండింటిలో చదివేవారు అమెరికన్లలో నూటికి అరవంతు కూడా ఉండరు. కాని గత యాభై ఏళ్ళలో నియమితులైన సుప్రీం కోర్టు న్యాయమూర్తుల్లో నాలుగింట మూడు వంతుల మంది, సెనేటర్లలో సుమారు నాలుగోవంతు, అతి పెద్ద అయిదువందల కంపెనీల అధిపతుల్లో పదోవంతుకు పైగా వీటినుంచి వచ్చినవారే. కనుక ఈ ద్వారం దగ్గర జరిగేది కేవలం సీట్ల పంపకం కాదు, అధికారపు పంపకం.

ఈ లెక్కలు రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2023లో వెలువరించిన అధ్యయనంలోనివి. వాళ్ళు ఆదాయపు పన్ను రికార్డులనూ, కాలేజీల ప్రవేశ రికార్డులనూ కలిపి చూశారు. ‘శాట్’ అనే ప్రవేశ పరీక్షలో ఒకే మార్కులు తెచ్చుకున్న విద్యార్థులను పక్కపక్కన పెట్టి పోల్చారు. అప్పుడు తేలినది ఇది: అత్యంత సంపన్నులైన ఒక శాతం కుటుంబాల పిల్లలకు, అవే మార్కులున్న సగటు దరఖాస్తుదారుకన్నా ప్రవేశం దొరికే అవకాశం 34 శాతం ఎక్కువ. ఇంకా పైకి, వెయ్యింటికొక్క కుటుంబం అనదగ్గ సంపన్నుల దగ్గరికి వెళితే రెట్టింపు దాటుతుంది. అదే ప్రభుత్వ రంగంలోని పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఈ తేడా కనిపించలేదు. ప్రైవేటు స్కూలు విషయం మరీ స్పష్టం. మార్కులు, జాతి, లింగం, తలిదండ్రుల ఆదాయం అన్నీ సమానంగా ఉన్నప్పటికీ, సంపన్నుల పేటలోని ప్రభుత్వ పాఠశాల విద్యార్థి కన్నా మతేతర ప్రైవేటు స్కూలు విద్యార్థికి ఈ కాలేజీల్లో ప్రవేశం రెండు రెట్లు దొరుకుతున్నది.

మార్కులు సమానమైనప్పుడు తేడా ఎక్కడినుంచి వస్తున్నది? మూడు తోవలు కనిపించాయి. మొదటిది వారసత్వం. తండ్రో తల్లో ఆ కాలేజీలో చదివి ఉంటే బిడ్డకు ప్రాధాన్యం. సంపన్నుల అదనపు అవకాశంలో సగానికి కాస్త తక్కువ దీనినుంచే వస్తున్నది. రెండోది ఆటలు. ఫుట్‌బాలూ బాస్కెట్‌బాలూ అందరూ ఆడతారు. కాని పడవ పందాలు, కత్తిసాము, స్క్వాష్ వంటివి నేర్చుకోవాలంటే నది ఒడ్డున పడవల కొట్టం ఉన్న బడి కావాలి. దీని వాటా సుమారు నాలుగోవంతు. మూడోదాన్ని ‘చదువేతర యోగ్యత’ అంటారు. నాయకత్వం, చొరవ, అభిరుచులు, శీలం అన్నీ కలిపి ఆఫీసులో వేసే మార్కు ఇది. దీని వాటా సుమారు మూడోవంతు. ప్రైవేటు స్కూలు విద్యార్థికి తరగతి మార్కులు, పరీక్ష మార్కులు తోటివారికన్నా ఎక్కువ లేకపోయినా, ఈ మూడో గడిలో మాత్రం మార్కులు దండిగా పడుతున్నాయి. అందుకు ఒక ముఖ్య కారణం అతని ఉపాధ్యాయులూ సలహాదారులూ రాసే సిఫారసు ఉత్తరాలు.

ఈ మూడో గడి చరిత్ర తెలుసుకోదగ్గది. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో హార్వర్డ్ ప్రవేశం ప్రధానంగా పరీక్షమీద ఆధారపడేది. తూర్పు యూరపునుంచి వలసవచ్చిన యూదుల పిల్లలు మామూలు ప్రభుత్వ బడుల్లో చదివి ఆ పరీక్షలు నెగ్గసాగారు. 1922 నాటికి హార్వర్డ్‌లో కొత్తగా చేరేవారిలో యూదులు అయిదోవంతు దాటారు. అధ్యక్షుడు లారెన్స్ లోవెల్‌కు ఇది గిట్టలేదు. యూదులకు 15 శాతం హద్దు పెడదామన్నాడు. అంత బాహాటమైన వివక్షకు అధ్యాపకులు 1923లో ఒప్పుకోలేదు. అప్పుడు దొడ్డిదారి వెదికారు. 1926లో విద్యార్థుల సంఖ్యకు వెయ్యి అని పరిమితి పెట్టి, పరీక్షతోపాటు ‘శీలం’, ‘వ్యక్తిత్వం’ కూడా చూడాలన్నారు. దరఖాస్తుకు ఫోటో అంటించమన్నారు. సిఫారసు ఉత్తరాలకు, ఇంటర్వ్యూలకు ప్రాధాన్యం వచ్చింది. ఎవరినీ పేరుపెట్టి వద్దనలేదు. అయినా కొద్ది ఏళ్ళలోనే యూదు విద్యార్థుల నిష్పత్తి బాగా పడిపోయింది. ఈ కథనంతా జెరోమ్ కారబెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 2005లో ‘ది చోజెన్’ అనే పుస్తకంలో సాక్ష్యాధారాలతో రాశాడు. కాబట్టి ‘వ్యక్తిత్వం’ అనే గడిని కనిపెట్టింది మనిషిని సమగ్రంగా చూడడం కోసం కాదు, మార్కులతో ఆపడం సాధ్యంకానివారిని మరో విధంగా ఆపడం కోసం.

ఈ గడిలో లోపలివారికి ఎంత సులువుగా మార్కులు పడేవో చూడాలంటే జాన్ కెనెడీ 1935లో హార్వర్డ్‌కు పెట్టుకున్న దరఖాస్తు చూడాలి. అది ఇప్పుడు ఆయన పేరనున్న గ్రంథాలయంలో అందరికీ అందుబాటులో ఉంది. చోట్ స్కూల్లో కెనెడీ స్థానం తరగతిలో సగానికి దిగువన. హార్వర్డ్‌లో ఎందుకు చేరదలచావన్న ప్రశ్నకు ఆయన రాసింది అయిదే వాక్యాలు. వాటి సారాంశం: అది మంచి కాలేజీ, తండ్రి చదివిన చోటే తానూ చదవాలనుకుంటున్నాడు, హార్వర్డ్ మనిషి అనిపించుకోవడం గొప్ప. సుమారు ఇవే మాటలు ప్రిన్స్‌టన్‌కూ రాశాడు. వ్యాసరచన పాఠం చెప్పే మేష్టరెవరైనా ఈ జవాబుకు పాస్ మార్కులకు మించి వెయ్యడు. కాని ఆ రోజుల్లో వ్యాసం పని అభ్యర్థి ఎవరో చెప్పడమే; తండ్రి పేరు చెప్పాక ఇంక రాయవలసిందేమీ లేదు. ఇవాళ అయిదు వాక్యాలు చాలవు. అందుకే ఆ పనిని శైలి చేయవలసి వచ్చింది.

సిఫారసు ఉత్తరం సంగతికొద్దాం. నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఏటా బడి విడిచిపోయే పిల్లలకు స్టడీ అండ్ కాండక్ట్ సర్టిఫికెట్లు రాసిస్తాం. ప్రవర్తన అన్నచోట అందరికీ ‘బాగున్నది’ అనో ‘తృప్తికరం’ అనో రాస్తాం. దాన్ని చదివేవారుండరని మాకు తెలుసు, పిల్లలకూ తెలుసు. అమెరికాలోని ఉన్నత కళాశాలల్లో ఆ కాగితాన్ని చదువుతారు, తూకం వేస్తారు. అక్కడ ప్రభుత్వ బడుల్లో ఒక్కొక్క సలహాదారుకు సగటున వందల మంది విద్యార్థులున్నారు. వాళ్ళ హాజరు, ఇంటి గొడవలు, కోర్సుల ఎంపిక అన్నీ ఆ ఒక్కడే చూడాలి. ఆయన రాసే ఉత్తరం మన కాండక్ట్ సర్టిఫికెట్టుకు అన్నగారు అవుతుంది, అంతే. సంపన్న ప్రైవేటు స్కూల్లో కాలేజీ ప్రవేశాల కోసమే ప్రత్యేకంగా సలహాదారులుంటారు. ఒక్కొక్కరి చేతికింద కొద్దిమంది పిల్లలే ఉంటారు. వాళ్ళు ఒక్కొక్క పిల్లవాడిమీదా ఒక కథ అల్లగలరు: చిన్న సంఘటనలు, మాట తీరు, ఓటమిని తట్టుకున్న వైనం. పైగా ఏ కాలేజీ ఆఫీసులో ఎవరు చదువుతారో, వారికే మాట నచ్చుతుందో ఏళ్ళ పరిచయంతో వాళ్ళకు తెలుసు. ఇది రచయితకూ పాఠకుడికీ మధ్య ముందే కుదిరిన ఒప్పందం వంటిది.

విశేషణాలకు వర్గం ఉంటుందన్న సంగతిని ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియరీ బూర్డ్యూ ఎప్పుడో చూపించాడు. పారిస్‌లో ఉన్నత విద్యాసంస్థల ప్రవేశానికి విద్యార్థులను తయారుచేసే తరగతిలో, ఒక తత్వశాస్త్ర ఉపాధ్యాయుడు విద్యార్థుల రచనలమీద రాసిపెట్టుకున్న వ్యాఖ్యలను తీసుకుని, వాటిని తలిదండ్రుల వృత్తులతో జతచేసి 1975లో ఒక వ్యాసం ప్రచురించాడు. కిందినుంచి వచ్చినవారి రచన చప్పగా, కష్టపడి రాసినట్టుగా ఉందని రాసిన ఆ కలమే, పైనుంచి వచ్చినవారి రచనలో సంస్కారం, సొంత గొంతు ఉన్నాయని రాసింది. ఆ ఉపాధ్యాయుడు దుర్మార్గుడు కాదు. తాను వర్గాన్ని చూస్తున్నాననుకోలేదు. శైలిని చూస్తున్నాననే అనుకున్నాడు. ఆధిపత్యం సాగేది ఇలాగే. అది తన పేరుతో రాదు, అభిరుచి పేరుతో వస్తుంది.

హార్వర్డ్‌మీద వేసిన దావాలో ఇదే సంగతి మరో రూపంలో బయటపడింది. 2014లో వేసిన ఆ దావా 2018లో విచారణకు వచ్చినప్పుడు, దరఖాస్తుదారులకు వ్యక్తిత్వంపై అంకెలు వేస్తారనీ, ఆసియా సంతతి విద్యార్థులకు ఆ అంకెలు సగటున తక్కువ పడ్డాయనీ తేలింది. మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు. 2019లో తీర్పు చెప్పిన న్యాయమూర్తి ఉద్దేశపూర్వకమైన వివక్ష రుజువు కాలేదంటూనే, బళ్ళనుంచి వచ్చే సిఫారసు ఉత్తరాల ప్రభావం అందులో ఉండవచ్చన్నారు. ఆ కేసులో బయటికొచ్చిన కాగితాలే మరో నిజం చెప్పాయి. హార్వర్డ్ చేర్చుకున్న శ్వేతజాతి విద్యార్థుల్లో నూటికి 43 మందికి పైగా ఆటగాళ్ళుగానో, పూర్వ విద్యార్థుల వారసులుగానో, అధ్యాపకుల సంతానంగానో, డీను ప్రత్యేకాసక్తి జాబితాలో ఉన్నవారుగానో వచ్చినవారు. ఆ జాబితాలో విరాళాలిచ్చే కుటుంబాల పిల్లలుంటారు. రిజర్వేషన్లు ప్రతిభను చంపుతాయని మన దేశంలో గొంతు చించుకునేవారు ఈ అంకెను ఒకసారి గుర్తుచేసుకోవాలి. మన రిజర్వేషన్లు రాజ్యాంగంలో, చట్టంలో, గెజెట్టులో అందరికీ కనిపించేటట్టు ఉన్నాయి. వాటి కారణం కూడా అక్కడే రాసి ఉంది. ధనికుల రిజర్వేషన్‌కు పేరు లేదు, గెజెట్టు లేదు. 2023 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు ఇదే కేసులో, జాతిని లెక్కలోకి తీసుకుని నల్లజాతివారికి ఇచ్చే ప్రాధాన్యాన్ని కొట్టివేసింది. వారసులకిచ్చే ప్రాధాన్యం ఆ తీర్పుతో పోలేదు.

ఇక విద్యార్థి రాసే వ్యాసం. అనేక కాలేజీలకు ఉమ్మడిగా పనికొచ్చే దరఖాస్తులో దానికి 650 మాటల పరిమితి. పదిహేడేళ్ళ పిల్లవాడు తన జీవితంలోనుంచి ఒక సంఘటన తీసుకుని, దానిలో తానెలా మారాడో చెప్పాలి. గొప్పలు చెప్పుకోకూడదు, కాని గొప్పవాడని తెలియాలి. ఇది కథానిక కన్నా కష్టమైన ప్రక్రియ. దీనికి గురువులున్నారు, రుసుము తీసుకుని దిద్దేవారున్నారు. ఇవన్నీ లేకపోయినా వర్గం దాగదని 2021లో ఒక అధ్యయనం చూపించింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టిన 60,000 మంది రాసిన 2,40,000 వ్యాసాలను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కంప్యూటరుతో పరిశీలించారు. ఏ విషయం ఎంచుకున్నారు, ఏ మాటలు వాడారు, వాక్యం ఎలా కట్టారు అన్నవి కుటుంబ ఆదాయంతో గట్టిగా ముడిపడి ఉన్నాయి. పరీక్ష మార్కులకూ ఆదాయానికీ ఉన్న సంబంధం కన్నా వ్యాసానికీ ఆదాయానికీ ఉన్న సంబంధమే బలంగా కనిపించింది. పరీక్ష ధనికులకు అనుకూలమనీ, వ్యాసం మనిషిని చూపిస్తుందనీ నమ్మేవారికి ఇది జవాబు. వ్యాసం చూపించేది ముందుగా ఇంటినే.

పేదవాడికి ఈ ప్రక్రియలో చోటు లేకపోలేదు. ఆ చోటే అతనికి ఉచ్చు. తన కష్టాన్ని చెప్పుకోవాలి. తండ్రి పని పోవడమో, ఇల్లు ఖాళీ చేయడమో, తల్లి జబ్బో చెప్పి, అందులోనుంచి తాను ధైర్యంగా బయటపడ్డానని ముగించాలి. పని పోవడానికి కారకులెవరు, ఇల్లు ఖాళీ చేయించిందెవరు అన్న ప్రశ్నలకు 650 మాటల్లో చోటు దొరకదు. దొరికినా ఆ ప్రశ్నలు కుర్రవాడి ‘దృక్పథం’ మీద అనుమానం కలిగిస్తాయి. కష్టం వ్యక్తిగతం, విజయం వ్యక్తిగతం. సంఘం ఎక్కడా కనిపించదు. 2023 తీర్పులో, జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో అభ్యర్థి వ్యాసంలో రాసుకోవచ్చని ప్రధాన న్యాయమూర్తి మినహాయింపు ఇచ్చారు. అంటే ఒక జాతి మొత్తానికి జరిగిన అన్యాయాన్ని ఇకమీదట ఒక్కొక్క పిల్లవాడూ తన సొంత కథగా, మెప్పించేటట్టు రాసి రుజువు చేసుకోవాలి. చరిత్ర చేయవలసిన వాదాన్ని వచన శైలిమీద మోపారు.

అలాగయితే ఇవన్నీ తీసేసి ఒక్క పరీక్షే పెడితే సరిపోతుందా? మన దగ్గర అదే ఉంది కదా అనవచ్చు. ఐ.ఐ.టి. ప్రవేశానికి వ్యాసం లేదు, సిఫారసు ఉత్తరం లేదు, తాత ఎవరని అడగరు. ర్యాంకు చాలు. కాని విజయవాడలో, హైదరాబాదులో ఆ ర్యాంకు చుట్టూ లేచిన కార్పొరేట్ కాలేజీలను చూస్తున్నవాళ్ళం, పరీక్ష వర్గాతీతమని నమ్మలేం. రెండేళ్ళు హాస్టలు ఖర్చు భరించలేనివాడు ఆ పరుగు మొదలయ్యే గీతదాకా కూడా రాడు. అమెరికాలోనూ అంతే. శాట్‌లో 1300కు పైగా తెచ్చుకునే అవకాశం, అట్టడుగు అయిదోవంతు కుటుంబాల పిల్లలకన్నా అత్యంత సంపన్నులైన ఒక శాతం పిల్లలకు పదమూడు రెట్లు. అయినా ఒక తేడా ఉంది. పరీక్ష చేసే అన్యాయం అంకెల్లో కనిపిస్తుంది. లెక్కపెట్టవచ్చు, నిలదీయవచ్చు, రిజర్వేషన్‌తో కొంత సరిదిద్దవచ్చు. వ్యక్తిత్వం పేరిట జరిగేది మెప్పుదల రూపంలో ఉంటుంది. నిలదీయడానికి పట్టు దొరకదు. 2020లో మహమ్మారి కారణంగా శాట్‌ను ఐచ్ఛికం చేసిన కాలేజీల్లో డార్ట్‌మత్ 2024లో దాన్ని తిరిగి తప్పనిసరి చేస్తూ చెప్పిన కారణం ఇదే: తమ పరిస్థితుల్లో మంచి మార్కులే తెచ్చుకున్న పేద విద్యార్థులు ఆ మార్కులు పంపకుండా దాచుకుని నష్టపోతున్నారని.

2019లో అమెరికాలో ఒక కుంభకోణం పేపర్లకెక్కింది. సింగర్ అనే దళారి సంపన్నుల దగ్గర సుమారు రెండున్నర కోట్ల డాలర్లు వసూలుచేసి, కోచ్‌లకు లంచాలిచ్చి, పరీక్షలు వేరేవారితో రాయించి పిల్లలకు సీట్లు ఇప్పించాడు. అతన్ని జైల్లో పెట్టారు, పెట్టవలసిందే. కాని లంచం ఇచ్చినవారిని శిక్షించి, భవనం కట్టించి ఇచ్చినవారి పేరు ఆ భవనంమీద చెక్కే వ్యవస్థలో నేరం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. పక్కవాకిలి గురించి అంత గగ్గోలు పుట్టినా, సింహద్వారం తెరుచుకునే పద్ధతి ఎప్పటిలాగే నడిచింది. ఈమధ్య కొంత కదలిక లేకపోలేదు. వారసత్వ ప్రాధాన్యాన్ని ప్రైవేటు కాలేజీల్లో సైతం నిషేధిస్తూ కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. మూడు తోవల్లో అది మొదటిది మాత్రమే. మూడోదాన్ని ఏ చట్టమూ అంత తేలికగా ముట్టుకోలేదు. ఎందుకంటే అది నియమం కాదు, చదివే తీరు.

చదివే తీరు మన రంగం. అందుకే ఈ విషయాన్ని విద్యావేత్తలకు వదిలిపెట్టకుండా ఈ పత్రికలో రాశాను. అమెరికా చదువుల కోసం మన పిల్లలు రాసుకునే ‘స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్’ రూపంలో ఈ ప్రక్రియ మన ఊళ్ళలోకీ వచ్చింది. తన ఊరు, తన బడి, తన భాష అనే మూడింటినీ దాటివచ్చిన అడ్డంకులుగా చెప్పుకోవడం అందులో రివాజు. సాహిత్య విద్యార్థులు ఆ కాగితాలను కూడా చదవాలి. వాటిలో ఎవరిని తలచుకుని రాస్తున్నారో, ఏం రాయకుండా వదిలేస్తున్నారో గమనించాలి. ఆ తరవాత మన సమీక్షలు కూడా అదే చూపుతో తిరగేయాలి. పల్లెనుంచి, వాడనుంచి వచ్చిన కొత్త రచయిత పుస్తకం మీద ‘ఇంకా పరిణతి రావాలి’, ‘శిల్పం కుదరలేదు’ అని రాసేముందు, ఆ పరిణతి ఏ ఇళ్ళలో తేలిగ్గా దొరుకుతుందో, ఆ శిల్పం ఎవరి చెవికి ఇంపుగా ఉండేటట్టు తయారైందో ఒక్క వాక్యంలోనైనా పాఠకుడికి చెప్పగలగాలి. చెప్పలేకపోతే మనం వేసేది కూడా ఆ మూడో గడిలో మార్కే.